ఎవరికి ఏమి నేర్పవలయును? - గ్రామ పారిశుద్ధ్యమున శిక్షణావసరముల అంచనా

(అహోబిలమున పరిసర గ్రామ పంచాయతీల సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నవ నారసింహులు వెలసిన ఈ అహోబిలమునకు వచ్చి, స్వామి మహిమను గూర్చి కాక చెత్తను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఉదయమున ఈ దిగువ అహోబిలపు వీధులలో నడచి చూచినవారికి ఈ విషయము ఎంత అవసరమో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఇచ్చటి గ్రామము చిన్నది. ఇచ్చటికి వచ్చు జనము పెద్దది. ప్రతి మాసము స్వాతి నక్షత్రము నాడు యాత్రికులు వత్తురు. ఫాల్గుణ మాసమున బ్రహ్మోత్సవములకు వత్తురు. కనుమ పండుగనాడు ఆరంభమగు పారువేటకు స్వామి తానే పల్లకినెక్కి చుట్టుపట్ల పల్లెలకు బయలుదేరును. ఆ పల్లెల ప్రతినిధులే నేడు మా యెదుట కూర్చొనియున్నారు.

భక్తుడు ఒక పూట ఉండి వెడలిపోవును. అతడు విడిచిన విస్తరి, కొబ్బరి చిప్ప, పూలదండ, నీళ్ల సీసా, పులిహోర పొట్లము గ్రామముననే ఉండిపోవును. గాలికి లేచినది గాలికి పోవును. వానకు కదలినది వాగు పట్టును. భవనాశినిలో పడినది తిరిగి మన చేతికి రాదు. ఎగువ అహోబిలము ఇక్కడికి సుమారు 8 కిలోమీటర్లు. ఆ దారి పొడవునను, అందుకు ఆవలను ఉన్నది నల్లమల అడవి. అన్నపు వాసన తగిలిన ప్లాస్టిక్ కవరును కోతియు తినును, జింకయు తినును, మన ఇంటి ఆవును తినును. కడుపులోనికి పోయిన కవరు అరగదు. కనుక ఊరి కసువు ఊరి విషయము మాత్రమే కాదు. వాగునకు, అడవికి, మన పశువులకు చెందిన విషయము.

ఇంత మాత్రము మీకందరకు తెలియును. నేడు మేము చెప్పదలచినది ఇంకొకటి గలదు. పారిశుద్ధ్యము బాగుపడవలెనన్న ఎవరికి ఏ పని నేర్పవలెను? నేర్పవలసినది ఏదో ముందుగా తెలిసికొనుట ఎట్లు?

చట్టము ఏమి చెప్పుచున్నది

మన దేశమున చెత్తను గూర్చిన శ్రద్ధ మొదట నగరములనుండి వచ్చినది. సుప్రీంకోర్టు నియమించిన బర్మన్ కమిటీ 1999లో నివేదిక నిచ్చినది. 2000లో పట్టణ ఘన వ్యర్థముల నిబంధనలు వెలువడినవి. 2016లో వాని స్థానమున వచ్చిన నిబంధనలు పట్టణములతో ఆగలేదు. రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించిన యాత్రాస్థలములను, మతసంబంధమైన, చారిత్రకమైన స్థలములను గూడ తమ పరిధిలో చేర్చినవి. చెత్తను పుట్టినచోటనే తడి, పొడి, గృహములలోని ప్రమాదకర వ్యర్థములని మూడుగా వేరుచేయవలెననినవి. నూరుమందికి మించిన సమావేశమును అనుమతి లేని స్థలమున జరుపదలచినవారు మూడు పనిదినములు ముందుగా స్థానిక సంస్థకు తెలుపవలెననినవి. చెత్త ఎత్తువారికి చేతితొడుగులు, పాదరక్షలు, ముఖమునకు అడ్డు ఇవ్వవలెననినవి. వారికి పని నేర్పు బాధ్యతను గూడ స్థానిక సంస్థపై ఉంచినవి.

నిబంధనలు శిలాశాసనములు కావు. 2000 నాటివి 2016లో మారినవి. 2016 నాటివియు పిమ్మట మార్పునకు లోనైనవి. కనుక ఏ సంవత్సరపు ప్రతిని చూచి పని చేయుచున్నామో కార్యదర్శి ఎరిగియుండవలెను. ఇదియు ఒక శిక్షణావసరమే.

గ్రామముల సంగతికి వత్తము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేరినవి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ఉద్యమము ప్రారంభమైనది. 2020-21లో మొదలైన దాని గ్రామీణ రెండవ దశలో ఘన వ్యర్థముల పనికి 5,000 వరకు జనాభా గల గ్రామములకు తలకు 60 రూపాయలు, అంతకు మించిన వానికి తలకు 45 రూపాయలు గరిష్ఠ సహాయముగా నిర్ణయించిరి. 3,000 జనాభా గల గ్రామమునకు లెక్క వేసి చూడుడు: 1,80,000 రూపాయలు. ఈ మొత్తముతో షెడ్డు, బండి, బుట్టలు సమకూర్చుకొనవలెను. తప్పు చేసి మరల మొదటినుండి కట్టుటకు ఇది చాలదు. అందుచేతనే కట్టుటకు ముందే నేర్చుకొనుట మేలు.

మేము చూచిన ఒక షెడ్డు

పేరు చెప్పనవసరము లేని ఒక పంచాయతీలో మేము చూచిన సంగతి విన్నవింతుము. అచ్చట చెత్తనుండి సంపద తయారీ కేంద్రమునకు షెడ్డు కట్టిరి. తొట్లు కట్టిరి. వానపాములను తెచ్చి విడిచిరి. గోడపై అందమైన అక్షరములు వ్రాయించిరి. ఆ అక్షరములలో కొన్ని మా ప్రచార శాఖవారు సమకూర్చినవే. చైత్ర మాసపు ఎండలు రాగానే వానపాములన్నియు చచ్చిపోయినవి. ఊరివారు నవ్విరి. "మా సీమలో ఇవి బ్రదుకవు" అనిరి.

పనివారికి శిక్షణ చాలలేదని పై కార్యాలయమునకు వ్రాసిరి. కార్యదర్శి శిక్షణకు పోయి వచ్చెను. మరుసటి యేడు మరల పోయి వచ్చెను. పుస్తకము నిండ వ్రాసికొని వచ్చెను. వానపాములు మరల చచ్చినవి.

మేము పోయినప్పుడు షెడ్డులో పనిచేయు ఆమెను అడిగితిమి: "అమ్మా, తొట్టి తడిగా ఉండవలెనని నీకు ఎవ్వరును చెప్పలేదా?" ఆమె మమ్ము చూచి, "చెప్పనేల సారూ? మట్టి తడి ఆరితే పురుగు బ్రదుకదని నాకు తెలియదా? కొళాయి ఊరిలో నున్నది. నేను బిందెలతో మోసి ఎన్ని తొట్లు తడిపేది?" అనెను.

ఆమెకు తెలివి లేక కాదు, నీరు లేక ఆ పని చెడినది. రెండేండ్లు రోగమొకటి, మందొకటియైనది. శిక్షణకు వెచ్చించిన దానిలో కొంత భాగముతో గొట్టము వేసియున్న పని నడచెడిది. ఆమెను ఎవ్వరును అడుగలేదు. గోడపై అక్షరములు వ్రాయించిన మేమును అడుగలేదు. ఆ అక్షరములు ఆమె చదువలేదన్న సంగతి మాకు ఆ దినముననే తెలిసినది. ఆ తప్పు మాదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

అక్కడనే ఇంకొక సంగతి. చెత్త ఎత్తు యువకుని అరచేతిలో పగిలిన గాజు గుచ్చుకొని, పది దినములు పనికి రాలేకపోయెను. పొడి చెత్త బుట్టలో వేయవలసిన పగిలిన సీసాను ఎవరో అన్నము మెతుకులతో కలిపి కవరులో మూటగట్టిరి. ఆ యువకునికి జాగ్రత్త నేర్పవలెనని పెద్దలనిరి. కాని నేర్వవలసినది మూట కట్టిన చేయి; ఇవ్వవలసినది చేతితొడుగు. గాయపడినవానికే మరల పాఠము చెప్పుట న్యాయము కాదు.

లోటును కనుగొను పద్ధతి

ఈ రెండు సంగతులనుండి మేము నేర్చుకొన్నది ఇది: పని సరిగా జరుగకున్నచో దానికి శిక్షణ లేమియే కారణమని వెంటనే అనుకొనరాదు. పనిచేయువానికి ఎట్లు చేయవలెనో తెలియకపోవచ్చును. అది శిక్షణతో తీరును. తెలిసియు సాధనము లేకపోవచ్చును. అది డబ్బుతో తీరును. సాధనమున్నను, చేయుమని స్పష్టమైన ఆజ్ఞ గాని, చేసినందుకు సకాలమున కూలి గాని లేకపోవచ్చును. అది పంచాయతీ తీర్మానముతో తీరును. మూడింటిని వేరుచేయుటయే శిక్షణావసరముల అంచనా. పేరు పెద్దదైనను పని సులభము.

ఒక నోటు పుస్తకము తీసికొనుడు. పుటను నాలుగు గడులుగా గీయుడు. మొదటి గడిలో పనిని వ్రాయుడు: ఇంటివద్ద చెత్త తీసికొనుట, వేరుచేయుట, బండి నడుపుట, ఎరువు చేయుట, పొడి సరుకు అమ్ముట, లెక్క వ్రాయుట. రెండవ గడిలో ఆ పని సరిగా జరిగినచో ఎట్లుండునో వ్రాయుడు. మూడవ గడిలో నేడు ఎట్లున్నదో వ్రాయుడు. నాలుగవ గడిలో ఈ రెంటికి నడుమ భేదమునకు కారణము తెలియమియా, సాధనమా, ఆజ్ఞయా అని వ్రాయుడు.

మూడవ గడిని కచేరీలో కూర్చొని నింపరాదు. తెల్లవారుజామున బండి వెంట ఒక సభ్యుడు నడువవలెను. ఎన్ని ఇండ్ల ముందు బండి ఆగినది? ఎన్ని ఇండ్లవారు వేరుచేసి ఇచ్చిరి? గ్రీన్ అంబాసిడరు ఇల్లాలితో ఏమనెను? బండిలో రెండు అరలున్నను తుదకు రెండును ఒకచోటనే పోసిరా? ఈ చివరి ప్రశ్న ముఖ్యము. ఇంటివారు శ్రమపడి వేరుచేసినదానిని వారి కన్నులయెదుటనే బండివాడు కలిపినచో మరునాటినుండి ఆ ఇంట ఎవరును వేరుచేయరు.

పనివారిని ప్రశ్నించునపుడు పరీక్ష పెట్టినట్లు ప్రశ్నింపరాదు. "నీ పనిలో కష్టమైనదేది? ఏది నీకు అర్థము కాలేదు? ఏమున్నచో ఈ పని తేలికయగును?" అని అడుగవలెను. పై యధికారి యెదుట మాటలాడుటకు జంకువారిని స్వయం సహాయక సంఘపు మహిళలచే అడిగింపవచ్చును.

కాటాయే మొదటి గురువు

ఎంత చెత్త పుట్టుచున్నదో తెలియనిదే ఎందరికి ఏమి నేర్పవలెనో తేలదు. వరుసగా ఏడు దినములు తడిని, పొడిని వేరుగా తూచి వ్రాయుడు. తరువాత ఒక స్వాతి నక్షత్రము నాడు తూచుడు. ఒక ఉత్సవ దినమున తూచుడు.

లెక్క చూపుటకు ఒక ఉదాహరణము చెప్పుదుము. ఇవి మేము అనుకొన్న అంకెలే. మీ అంకెలు మీ కాటాయే చెప్పవలెను. 3,000 జనాభా గల గ్రామమున మనిషికి దినమునకు 300 గ్రాములనుకొందము. మొత్తము 900 కిలోలు. ఉత్సవమునకు 10,000 మంది వచ్చి తలకు 200 గ్రాములు విడిచిరనుకొందము. అది 2,000 కిలోలు. ఆ దినము గ్రామము మోయవలసినది 2,900 కిలోలు, అనగా నిత్యపు భారమునకు మూడింతలకు పైన. నిత్యము సరిపోవు పనివారు, బండ్లు ఆ దినము ఎట్లు సరిపోవును? కావున ఉత్సవపు రోజులకు తాత్కాలికముగా తీసికొను మనుష్యులకు గూడ ముందుగా ఒక పూట పని నేర్పవలెనని ఈ లెక్కయే చెప్పుచున్నది. ఆ మాట ఏ అధికారియు చెప్పనక్కరలేదు.

ఎవరికి ఏమి కావలయును

సర్పంచునకును సభ్యులకును ఎరువు చేయు విధానము పూర్తిగా రానక్కరలేదు. తూకపు పుస్తకము చదువుట, దానిని బట్టి బండ్ల దారిని, పనివారి సంఖ్యను నిర్ణయించుట, బడ్జెటులో పారిశుద్ధ్యమునకు తగినంత ఉంచుట, దుకాణములవారితో సత్రములవారితో గట్టిగా మాటలాడి తీర్మానము అమలుచేయించుట వారికి రావలెను. కొన్ని ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధమున్నది. 120 మైక్రానుల కంటె పలుచని సంచులపై 2022 డిసెంబరు 31 నుండి నిషేధమున్నది. దుకాణము ముందు నిలిచి ఈ మాట చెప్పగల సభ్యుడు ఉన్నచోట చెత్త సగము పుట్టకమునుపే తగ్గును.

కార్యదర్శికి నిబంధనలు, లెక్కలు, పొడి సరుకును అమ్ము విధానము తెలియవలెను. కార్మికునికి వేరుచేయుట, తన దేహమును కాపాడుకొనుట, వాకిట నిలిచి మర్యాదగా అడుగుట రావలెను. సూది, గాజు, మందుల చెత్త ఎదురైనచో ఏమి చేయవలెనో చేసి చూపవలెను. ధనుర్వాతపు టీకా వేయింపవలెను. కార్మికుని శిక్షణకు పిలిచిన దినమున అతని కూలి కోయరాదు. కూలి పోయిన పాఠము మనసున నిలువదు.

సత్రముల నిర్వాహకులకు, హోటళ్లవారికి, పూల, కొబ్బరికాయల దుకాణములవారికి, ఆలయ సిబ్బందికి శిక్షణ అక్కరలేదనుకొనుట పొరపాటు. అహోబిలము వంటి చోట చెత్తలో పెద్ద భాగము వారి వాకిళ్లనుండియే వచ్చును. ఊరు పంచాయతీది, గుడి దేవస్థానముది, కొండదారి అటవీశాఖది. చెత్తకు ఈ ఎల్లలు తెలియవు. ముగ్గురును ఒకచోట కూర్చొని ఎవరి ఎల్ల ఎక్కడనో, ఏ గంటకు ఏ బండి ఎక్కడికి రావలెనో నిర్ణయించుకొనుట గూడ నేర్వవలసిన విద్యయే. అడవి దారులను మనకంటె బాగుగా ఎరిగిన చెంచు సోదరులను గూడ ఆ సమావేశమునకు పిలువవలెను.

ఎరువు షెడ్డులో పాఠము

షెడ్డులో పనిచేయువారి శిక్షణను గూర్చి కొంచెము విపులముగా చెప్పుదుము. ఎక్కువ నష్టము జరుగునది అక్కడనే. ఎండు ఆకును, పచ్చి చెత్తను, పేడను పొరలుగా వేయవలెను. పిడికిట పిండిన గుడ్డవలె కుప్ప తడిగా నుండవలెను, నీరు కారరాదు. కుప్ప మొదట వేడెక్కును. ఆ వేడిమి తగ్గిన పిమ్మటనే వానపాములను విడువవలెను. ఎండలు 40 డిగ్రీలు దాటు మన సీమలో నీడయు, తడి గోనెసంచుల కప్పును, దగ్గరలో కొళాయియు లేనిదే వేసవిలో వానపాములను తేరాదు. అట్టి చోట వానపాములు లేని మామూలు ఎరువు కుప్పయే మేలు. కొంచెము ఆలస్యముగా పండినను చెడదు.

ఉత్సవపు చెత్తకు వేరు జాగ్రత్త కావలెను. నూనె, ఉప్పు కలిసిన పులిహోర వానపాములకు గిట్టదు. కొబ్బరి పీచు, చిప్ప త్వరగా మురుగవు. వానిని వేరుచేసి వంటచెరకుగనో, ముక్కలు చేసి పాదులలో పరచుటకో వాడవచ్చును. పూలదండలనుండి దారము తీసివేయవలెను. ఇవన్నియు చెప్పిన రావు. కుప్పవద్ద నిలిచి, చేయి పెట్టి, వేడిని తడిని చూచిననే వచ్చును. గదిలో చెప్పదగినది గదిలోను, కుప్పవద్ద నేర్పదగినది కుప్పవద్దను నేర్పవలెను.

చూచి నేర్చుకొనుటకు మన తెలుగునాటనే ఉదాహరణములు గలవు. 2000వ దశాబ్దపు తొలినాళ్లలో, అప్పుడు నల్లగొండ జిల్లాలో నుండిన సూర్యాపేట పురపాలక సంఘము వీధి చెత్తకుండీలను తొలగించినది. ఇంటింటినుండి తడి, పొడి వేరుగా సేకరించి వానపాముల ఎరువు తయారుచేసినది. దేశమున ఈ సమస్యను గూర్చి వ్రాయువారు ఆ పట్టణమును ఉదాహరింపసాగిరి. శిక్షణ నిచ్చు సంస్థలకును కొదువ లేదు. 1958లో ముస్సోరీలో మొదలై, తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నది. శ్రీకాళహస్తి, బాపట్ల, సామర్లకోటలలో విస్తరణ శిక్షణ కేంద్రములు వెలసినవి. కాని మనకు ఏమి కావలెనో మనమే తెలిసికొని పోనిచో, వారు ఇచ్చినది మనకు పనికివచ్చునో రాదో ఎట్లు తెలియును?

ముగింపు

శిక్షణ ముగిసిన దినమున సంతకములు లెక్కించి సంతోషింపరాదు. మూడు మాసముల తరువాత అదే నోటు పుస్తకము తెరచి, అదే వేకువన బండి వెంట మరల నడువుడు. వేరుచేసి ఇచ్చు ఇండ్లు పెరిగినవా? చేతికి గాయములు తగ్గినవా? తడి చెత్త తొట్టికి చేరుచున్నదా? పెరిగినచో నేర్చిన చదువు పనికి వచ్చినదని అర్థము. లేనిచో నాలుగవ గడిని మరల చూడుడు. కారణము వేరొకటి యుండును.

మా మనవి ఒకటి. కార్తిక మార్గశిర మాసములలో మీ మీ గ్రామములలో ఈ అంచనా పూర్తిచేయుడు. సంక్రాంతికి ముందే శిక్షణలు ముగించుడు. కనుమనాడు పారువేట బయలుదేరును. తన కల్యాణమునకు రమ్మని ప్రజలను పిలుచుటకు స్వామియే గడపగడపకు వచ్చునని మన పెద్దలు చెప్పుదురు. అంతటి స్వామియే పల్లెలు తిరిగి పిలుచుచుండగా, మన ఊరి చెత్త ఎత్తు ఆమెను పిలిచి, "అమ్మా, నీకు ఏమి కావలెను?" అని అడుగుటకు మనకు అడ్డమేమున్నది? ఆ ప్రశ్నతో మొదలుపెట్టుడు. తక్కినది ఆమెయే చెప్పును.

సెలవు. జై హింద్.